పద్మశ్రీ వేసిన మార్కు

విజయవాడ,
9 ఆగస్టు 2007

రత్తయ్య బావా,

మా ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో ఫస్టొచ్చే పద్మశ్రీ నన్నే ప్రాజెక్టు గైడుగా కోరుకుందని పోయిన ఉత్తరంలో గొప్పలు పోయాను. అది నిజం కాదు.

ఇరవై ఏళ్ళుగా గైడుల్ని నేనే కేటాయించేవాణ్ణి. ఈసారి నిన్నగాక మొన్న లెక్చరర్‌గా వచ్చిన ఉష ఆ పని కంప్యూటర్‌కి అప్పగించింది. పిల్లలు ఒక్కో గైడుకీ పదికి మార్కులేశారు. మొత్తం మార్కులు ఎక్కువొచ్చేలా 'ఆర్' అనే ప్రోగ్రామ్ జతలు కలపాలి. ప్రత్యేకంగా చెప్పకపోతే తక్కువొచ్చేలా కలుపుతుందట. ఆ మాట చెప్పడం ఉష మర్చిపోయింది.

నిన్న తనే వచ్చి, "తప్పు నాదే సార్, మళ్ళీ రన్ చేయమంటారా?" అనడిగింది.

పిల్లల మార్కులున్న కాగితం చూశాను. పద్మశ్రీ ఉషకి పది వేసింది, నాకు సున్నా.

"మొదలుపెట్టాక పిల్లల్ని మార్చడం బాగోదమ్మా" అన్నాను.

అక్కయ్యకి మాత్రం పాత ఉత్తరమే చదివి వినిపించు.

నీ బావమరిది