నాయన టార్చికి మూడు సెల్లు

సోమవారం

ఛార్జింగ్ సెల్లు కొనింది దుడ్డు మిగలాలని కాదు. సెల్లు పారేస్తే నేల చెడిపోతాదని కూడా కాదు. సౌభాగ్యక్క అంగడికి పోయే పని తప్పుతాదని.

నాయన తిరుమణి కాడ సోలార్ ప్లాంటులో రాత్రి కాపలా. టార్చికి మూడు పెన్సిల్ సెల్లు. అయిపోయినప్పుడల్లా నన్నే తోల్తాడు. సౌభాగ్యక్క సెల్లు ఇచ్చేది ఒక నిమిషం, అడిగేది అరగంట. స్కూలు యాల వదిలేస్తివి, మీసం వచ్చిందే, పిల్లను చూసినారా. అంగట్లో ఉండే ఆడోళ్లంతా నా మూతి చూస్తారు.

అందుకే పావగడకు పోయి ఛార్జింగ్ సెల్లు తెచ్చినా. ఎన్ని సెల్లు అన్నాడు అంగడాయప్ప. మూడు వేళ్లు చూపిస్తి. నాలుగుండే ప్యాకెట్టు చించి మూడు ఇచ్చినాడు. ఛార్జర్ రెండు పట్టేదా నాలుగు పట్టేదా అన్నాడు. రెండు వేళ్లు చూపిస్తి.

ఇంక మా ఇంట్లో మామూలు సెల్లు కొనేది లేదు. ఈపొద్దుతో సరి.

రాత్రి: పచ్చలైటు వెలిగింది. బలే ఉండాది!

మంగళవారం

ఛార్జర్‌లో రెండు సెల్లు పెడితేనే ఎక్కుతాది. ఒకటే పెడితే లైటు రాదు. నా కాడ మూడు.

ఏం కాదు. నిండిన సెల్లునే మూడోదానికి తోడు పెట్టినా. కొంచెంసేపటికి లైటు ఆరింది. నిండిందనుకున్నా. టార్చిలో వేసి నాయనకు ఇచ్చినా. పగలు మాదిరి ఉండాది వెలుగు.

బుధవారం

నాయన పొద్దున వచ్చి చెప్పులు కూడా ఇప్పలేదు. అట్నే కూచున్నాడు.

ప్లాంటులో ఒక పద్ధతి ఉండాది. ప్యానెళ్ల వరస చివరికి పోయినప్పుడల్లా కాపలాదారు టార్చి పైకెత్తి ఆడించల్ల. సూపర్‌వైజర్ సంజీవప్ప సార్ మేడ మీంచి చూస్తాడు. వెలుగు రాకపోతే నిద్రపోయినాడని రాసుకుంటాడు. రెండు తూర్లు రాస్తే పనిలోంచి తీసేస్తారు. ఫోన్ లైటు అంత దూరం ఆనదు.

రాత్రి ఒక తూరి రాసినారు.

మామూలు సెల్లు మసకేసి, మసకేసి పోతాది. జోబీలో వేరేది రెడీగా పెట్టుకోవచ్చు. ఇది బాగా వెలుగుతా వెలుగుతా టక్కున ఆరిపోయిందంట. నాయన చీకట్లో నిలబడి ఈడ ఉండానని అరిసినాడంట. గాలికి ఎవురికీ ఇనపళ్లేదు.

"ఈ సెల్లు నీ మాదిరే ఉండాదిరా శశీ" అన్నాడు. "లోపల ఏముండాదో చెప్పదు."

నిజమే. కానీ తప్పు నాది కాదు. సరిగ్గా నిండని మూడో సెల్లుది.

గురువారం

జతలు మార్చి మార్చి మూడు సెల్లూ రాత్రంతా ఎక్కించినా. నాయన నిన్న లీవు. ఈపొద్దు రాత్రికి పోతాడు. ఈ తూరి గ్యారంటీ.

శుక్రవారం

తెల్లారేదాకా వెలిగింది. నేను చెప్పలేదా.

పగలు సెల్లు ఛార్జింగ్‌కు పెట్టి గొర్రెల ఎనకాల రాయచెర్లు పక్క పోయినా. పొద్దుగూకి వస్తే ఛార్జర్ ఖాళీ. అవ్వను అడిగినా.

కరెంటు పోయిందంట. అవ్వ సెల్లు తీసి రేకు మీద ఎండబెట్టిందంట. మా అవ్వ సుంకులమ్మ పుట్టినప్పట్నుంచీ రేడియో సెల్లు నీరసపడితే ఎండలోనే పెట్టింది. సాయంత్రం తనే టార్చిలో వేసి నాయన చేతికిచ్చి పంపించింది.

ఎండకు ఛార్జింగ్ ఎక్కదవ్వా అంటి.

"ఊరి చేన్లన్నీ ఎండకు పెట్టి కరెంటు తీస్తాండారు గదరా. వేలంత సెల్లుకు ఎండ చాలదా?"

బండి తీసినా. వాదించే టైం లేదు.

సౌభాగ్యక్క అంగట్లో ఐదుమంది ఆడోళ్లు. నోరు తెరిచి అడిగినా. మూడు సెల్లు కావల్లక్కా, బిరీన. ఓయబ్బా మాట వచ్చిందే అనింది. పెండ్లి సంగతి ఎత్తకముందే బండి ఎక్కినా.

ప్లాంటు గేటు కాడ నాయన, సంజీవప్ప సార్ ఇద్దరూ ఉండారు. టార్చి అప్పుడే ఆరిపోయి ఉండాది. సార్ జోబీలోంచి పెన్ను తీస్తాండాడు.

"నాయన మంగళవారం రాత్రి నిద్రపోలేదు సార్. నేనే పావు నిండిన సెల్లు వేసిస్తి" అంటి.

సార్ నన్ను చూసినాడు. మూతి చూసినాడేమో తెలీదు. ఆపొద్దు రాసింది కొట్టేయనన్నాడు. ఈపొద్దుది రాయనన్నాడు. నాయన మామూలు సెల్లు వేసుకుని వరసల్లోకి పోయినాడు. నేను గేటు కాడే నిలబడితి. దూరంగా వెలుగు లేచి, ఆడి, దిగింది.

శనివారం

ఆ ఛార్జర్ కంటికి కనపడితే చెరువులో ఏస్తానన్నాడు నాయన. చెరువులో నీళ్లు లేవు. అయినా దాచిపెట్టినా.

ఆదివారం

మళ్లీ ఈపొద్దునుంచి మొదలు. టార్చి జోలికి పోను. టీవీ రిమోటుకు రెండే సెల్లు. ఛార్జర్ పట్టేదీ రెండే. లెక్క సరిగ్గా ఉండాది. అవ్వ సీరియల్ ఏడింటికి. రిమోటు మధ్యలో టక్కున ఆగిపోయినా ఎవురి ఉద్యోగమూ పోదు గదా, చెప్పండి?