తొడిమల షెడ్డులో పాట

ఫిబ్రవరి 3, సోమవారం

సౌండ్ రికార్డింగ్ కోర్సు ఫైనల్ ప్రాజెక్టు అంశం ఇవాళ చెప్పాలి. మా క్లాసు ఫణి వాళ్ళ నాన్నగారి వయొలిన్ కచేరీ రికార్డు చేస్తాడట. నా వంతు వచ్చేసరికి నోట్లోంచి దానంతటదే వచ్చేసింది — "మిర్చి షెడ్డులో ఆడవాళ్ళు పాడుకునే పాటలు సార్."

రమణారావు సార్ రాస్తున్న పెన్ను ఆపారు. "నీకు తెలిసినవాళ్ళేనా అమ్మా?"

"తెలిసినవాళ్ళే సార్."

అంతే అన్నాను. వాళ్ళలో మా అమ్మ ఉందని అనలేదు. మొదటి ఏడాది ఫణి అడిగితే, మా అమ్మ మిర్చి బిజినెస్సులో ఉంది అన్నాను. మూడేళ్ళుగా ఆ మాట అలాగే నడుస్తోంది.

ఫిబ్రవరి 5

అమ్మకు ఫోన్ చేశాను. ముందు నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "యూనివర్సిటీలో మా పాటలా? నేను మిరపకాయలకు తొడిమలు తీస్తానని మీ సార్లకు చెప్పమాకే."

చెప్పనులే అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

షెడ్డు. లోపల అడుగు పెట్టగానే ఏడు తుమ్ములు. రేకుల కింద ఎర్రటి కుప్పలు, ఒక్కో కుప్ప చుట్టూ ఆరేడుగురు, అందరి ముక్కులకూ తువ్వాళ్ళు. మా అమ్మ కుప్ప చివర్లో, తలుపు పక్కన.

మేస్త్రమ్మ కోటేశ్వరమ్మ గారు అడ్డంగా నిలబడింది. రేపు పనికి ఎవరు రావాలో, ఎవరు అక్కర్లేదో ఆవిడ చెప్పిందే ఖాయం. "పాటలేంది? పని ఆగిద్ది." ఆగదండీ అని బతిమాలాను. "రెండ్రోజులే" అంది.

మైకు స్టాండు నిలబెట్టాను. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. నిశ్శబ్దం. తొడిమలు విరిగే చిటపట తప్ప ఏమీ లేదు. ఒక్కరూ నోరు విప్పరు. కొంగు సర్దుకుంటున్నారు, ఫొటో తీస్తున్నట్టు.

దీనమ్మ పిన్ని — అమ్మకు వరసకు చెల్లెలు, షెడ్డులో ఎప్పుడూ పాట ఎత్తుకునేది ఈవిడే — "ఆ ఇనప కడ్డీని చూస్తంటే గొంతు పెగలటం లేదే" అంది.

ఖాళీ చేతులతో హాస్టలుకు వచ్చాను. మొదటి రోజు దండగ.

ఫిబ్రవరి 12

స్టాండు తీసుకెళ్ళలేదు. మైకును తువ్వాలులో చుట్టి పైన ఇనుప దూలానికి తాడుతో వేలాడదీశాను. ఫ్యాను హోరు పడకుండా మైకు వీపును అటు తిప్పాను. రికార్డరు ఆన్ చేసి, "ఆన్‌లోనే ఉంది పిన్నీ" అని అందరికీ చెప్పి, అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. నేనూ తొడిమలు తీశాను.

అమ్మ నా చేతుల వైపు చూసి — "అట్టా కాదు, గోటితో కాదు, వేలితో తిప్పు."

పదకొండు దాటాక దీనమ్మ పిన్ని మొదలుపెట్టింది. చర్చిలో పాడే పాట ఒకటి. దాని వెనకే నాట్ల పాట. ఆ తర్వాత అప్పటికప్పుడు కట్టినవి. కుప్పలో ఏడుగురూ అందుకున్నారు. పక్క కుప్పల వాళ్ళు చేతులు ఆపకుండా తల ఊపుతున్నారు. మైకు సంగతి మరిచిపోయారు. నేనూ మరిచిపోయాను.

వేళ్ళు మండుతున్నాయి. రాయలేను.

ఫిబ్రవరి 14

స్టూడియోలో విన్నాను. పెద్ద స్పీకర్లలో. వచ్చింది... నిజంగా వచ్చింది! ఏడు గొంతులూ ఏడు చోట్ల. దీనమ్మ పిన్ని ఎడమవైపు ముందు. ఆమె వెనక కొంచెం కిందిస్థాయిలో, ప్రతి పాదం చివరా పాటను జారిపోకుండా పట్టుకునే గొంతు ఒకటి ఉంది. ఎవరా అని మూడుసార్లు విన్నాను. అమ్మ!

చర్చిలో అమ్మ పక్కన నిలబడి పుట్టినప్పటి నుంచీ పాడుతున్నాను. ఆ గొంతును విడిగా వినడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 20, గురువారం

సార్‌కు వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యమధ్య ఘాటుకు దగ్గులు. "ఈ దగ్గులు తీసేయొచ్చు గదమ్మా."

"తీయను సార్. దగ్గకుండా అక్కడ ఎవరూ పాడలేరు."

మళ్ళీ మొదట్నుంచి విన్నారు. "తీయకు" అన్నారు. మూడేళ్ళలో సార్ తన మాట తాను వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు.

మూడో పాట వచ్చింది —

తొడిమ తీసే చేతికేమో తీరికెక్కడే
మేస్త్రమ్మ కునుకు తీస్తే లేపేదెవ్వరే

సార్ పగలబడి నవ్వారు. "ఇది మొదట పెట్టు. డిపార్ట్‌మెంట్ యూట్యూబ్‌లో కూడా పెడదాం."

నేనూ నవ్వాను. మెట్లు దిగుతుండగా నవ్వు ఆగిపోయింది.

ఫిబ్రవరి 21

అమ్మకు చెప్పాను. "అమ్మో, అది కూడా పడిందా? తీసెయ్యవే తల్లీ. కోటేశ్వరమ్మ చెవిన పడితే మా ఏడుగురినీ రేపట్నుంచి రావద్దంటది."

తీసేస్తే ఎవరికీ ఏమీ కాదు. కానీ అన్నిట్లోకీ బాగా పాడింది అదే. నవ్వుతూ పాడారు, ఒకరి మీద ఒకరు పడి పాడారు. తీయాలో ఉంచాలో చెప్పడానికి నేనెవరిని? పాడింది వాళ్ళు. వాళ్ళనే అడగాలి.

సార్‌తో విషయమంతా చెప్పాను. ఈసారి అమ్మ గురించి కూడా. "యూట్యూబ్ మాట మర్చిపో. మార్చి మొదటి ఆదివారం స్టూడియో తాళం తీయిస్తాను, వాళ్ళను పిలువు" అన్నారు సార్.

మార్చి 2, ఆదివారం

చర్చి అయ్యాక అటునుంచి అటే వచ్చారు. ఏడుగురూ ఒకే ఆటోలో. ప్రార్థనకు కట్టుకున్న చీరలు, తలలో పూలు. చెప్పులు బయట వరసగా విడిచారు. వద్దన్నా వినలేదు.

తలుపు దగ్గర ఫణి. కేబుళ్ళు సర్దడానికి వచ్చాడు. ఇక దాటవేయడం కుదరదు.

"ఫణీ, మా అమ్మ. షెడ్డులో తొడిమలు తీస్తుంది. బిజినెస్ అని నీతో అబద్ధం చెప్పాను."

అమ్మ తల దించుకుంది. ఫణి నా వైపు చూడనైనా చూడలేదు. "నమస్తే అండీ. ఆ రెండో గొంతు మీదేనా? స్వరూప వంద సార్లు వినిపించింది" అన్నాడు. అమ్మ తలెత్తింది.

ప్లే నొక్కాను. మొదటి పాటకే, షెడ్డులో అమ్మ కుప్ప దగ్గరే కూర్చునే రాహేలక్క చేత్తో నోరు మూసుకుంది. దీనమ్మ పిన్ని స్పీకరు దగ్గరికి వెళ్ళి దాన్ని వేలితో తాకి వచ్చింది. "ఇంత బాగా పాడతన్నామా మేము?" అంది. ఎవరినీ అడగలేదు, తనలో తనే అనుకుంది.

మేస్త్రమ్మ పాట దగ్గర ఆపి, సంగతి చెప్పాను.

"తీసెయ్" అంది రాహేలక్క. "పిల్లల ఫీజులు కట్టేది ఎవరు?"

"పొద్దస్తమానం పని చేస్తా ఒక నవ్వు నవ్వాం. అది కూడా తప్పేనా?" — దీనమ్మ పిన్ని.

చాలాసేపు వాదించుకున్నారు, గట్టిగా, షెడ్డులో లాగే. చివరికి దీనమ్మ పిన్ని తేల్చింది. "పరీక్షకు వినిపించు. ఫోన్లలోకి మాత్రం ఎక్కించమాకు. ఇంకో మాట — మా పేర్లు రాయి. ఇంటిపేర్లతో సహా."

ఏడు పేర్లూ రాసుకున్నాను. అమ్మ పేరు చివర్న చెప్పింది. స్పష్టంగా, పూర్తిగా.

మార్చి 14

పరీక్ష అయింది. బయటి నుంచి వచ్చిన మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి విన్నారు. మేస్త్రమ్మ పాటకు నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఆ రెండో గొంతు ఎవరిదమ్మా? పాట మొత్తం ఆవిడ మీదే నిలబడింది."

"మా అమ్మ మేడమ్. తొడిమలు తీసే కూలీ."

 మేడమ్ మళ్ళీ పెట్టమన్నారు. అడిగి మరీ ఇంకోసారి విన్నది నా ఒక్కదాని ప్రాజెక్టే!

అమ్మకు ఫోన్. "పాసయ్యావా?" అంది. మేడమ్ అన్న మాట చెప్పాను. "ఇంకోసారి చెప్పు" అంది.

మార్చి 21, శుక్రవారం

బయటపడింది. రాహేలక్క సంతోషం పట్టలేక వాళ్ళ ఆడపడుచుకు చెప్పింది, ఆమె ఇంకెవరికో. మధ్యాహ్నం అన్నాల దగ్గర కోటేశ్వరమ్మ గారు అమ్మ ముందుకు వచ్చి నిలబడిందట.

"నా మీద పాట కట్టారంట గదా. యూనివర్సిటీలో అందరూ నవ్వారంట."

షెడ్డంతా చేతులు ఆపేసిందట. దీనమ్మ పిన్ని ఫోన్‌లో ఇదంతా చెబుతుంటే, నాకేం తెలియదు అని ఉంటుంది అమ్మ, అనుకున్నాను. అమ్మ అంతే, గొడవంటే భయం. కానీ అమ్మ ముక్కుకున్న తువ్వాలు కిందికి లాగి అందట:

"కట్టాం. నేనూ పాడాను. రికార్డు చేసింది నా కూతురు. వినాలంటే రా, అది వినిపించిద్ది."

పిన్ని ఈ మాట మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ విన్నాను.

మార్చి 23, ఆదివారం

నిన్న అమ్మకు పని పిలుపు రాలేదు. మిగతా ఆరుగురికీ వచ్చింది. వాళ్ళు వెళ్ళలేదు.

సాయంత్రం తెలియని నంబరు. కోటేశ్వరమ్మ గారు. "రేపు పదకొండింటికి వస్తా. ఎక్కడ దిగాలో చెప్పు." కోపంగా ఉందో లేదో గొంతులో ఏమీ దొరకలేదు. నాకు, ఇన్నేళ్ళు గొంతులు వినడమే చదివినదానికి.

ఆ పాట తీసేసి మిగతావి వినిపించనా అని అమ్మను అడిగాను.

"అన్నీ వినిపించు" అంది. మళ్ళీ తనే — "సౌండు బాగా పెట్టు."