ఉతకని చీర

అక్కా, నిన్ను నేను చూడలేదు. నువ్వు పోయిన ఏడాదికి ఈ ఇంటికి రెండో పెళ్ళాంగా వచ్చాను. అయినా రోజూ నీతోనే పోటీ.

పోయిన వారం నీ బర్రె ఈనింది. నేను పొదుగు మీద చెయ్యి వేస్తే చాలు, తన్నుతుంది.

"దానికి ఆమె వాసన అలవాటు. ఆమె చీర కట్టుకొని కూసో" అన్నాడు ఆయన.

పెట్టె అడుగున నీ చీరలు రెండు దాచుకున్నాడని అప్పుడే తెలిసింది. ఒళ్ళు మండింది. పచ్చ చీరను సోడా వేసి, బండకేసి బాది ఉతికి కట్టుకున్నాను. బర్రె చెంబును ఎగరతన్నింది.

"ఉతికినంక ఇంకేం వాసన ఉంటది?" అని ఆయన తల పట్టుకున్నాడు.

ఈ పొద్దున రెండోదాన్ని ఉతకకుండానే కట్టుకున్నాను. బర్రె నా భుజం నాకింది, చెంబు నిండా పాలు చేపింది. వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తున్న ఆయన చెయ్యి ఆపి నన్నే చూశాడు. ఈ నాలుగు నెలల్లో నన్ను ఎప్పుడూ అట్లా చూడలేదు.

ఆ చీర పొయ్యిలో పెడదామనుకున్నాను. కానీ సాయంత్రం మళ్ళీ పాలు పిండాలి. నా చీరలన్నీ వాగుకు తీసుకుపోయి ఉతికాను. నీది మాత్రం, వాసన పోకుండా మడతపెట్టి, నా చేతులతో నేనే పెట్టెలో దాచాను.