పిన్ని తినని తీపి

ఆగస్టు 4
బయోకెమిస్ట్రీ క్లాసు. ఫ్రక్టోజ్ — పండ్లలో, తేనెలో, పంచదారలో ఉండే తీపి. దాన్ని విడగొట్టే ఎంజైమ్ ఒకటి కొందరిలో పుట్టుకతోనే పనిచేయదట. తింటే వాంతులు, కడుపునొప్పి. చివర్లో మేడమ్ అన్నారు: "వాళ్లు చిన్నప్పుడే తీపంటే పారిపోతారు. అందుకే చాలామందికి పళ్లు పుచ్చవు."
పళ్లు పుచ్చవు... కంకిపాడు పిన్ని!

ఆగస్టు 5
లైబ్రరీలో ఆ రెండు పేజీలూ మూడుసార్లు చదివాను. పిన్ని అరటిపండు ముట్టదు. చెరుకురసం బండి కనిపిస్తే రోడ్డు దాటేస్తుంది. తన పెళ్లిలో కూడా స్వీటు నోట పెట్టలేదట. అమ్మమ్మ దృష్టిలో అదంతా పొగరు.

ఆగస్టు 6
ల్యాబ్ రికార్డు రాయాలి. రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 9, ఆదివారం
చర్చి నుంచి నేరుగా కంకిపాడు బస్సు. పిన్ని చేపలు కడుగుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక సూటిగా అడిగేశాను — "తీపి తింటే ఏమవుతుంది పిన్నీ?"
చేతులు ఆగిపోయాయి. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదే..."
కడుపులో మెలిపెడుతుందట. చల్లని చెమటలు, కాళ్లలో వణుకు. ఆరేళ్లప్పుడు క్రిస్మస్ కేకు ఉమ్మేసినందుకు అమ్మమ్మ విసనకర్రతో కొట్టిందట.
నోరు తెరిచి చూపించింది. నలభై రెండేళ్లు. ఒక్క పుచ్చుపన్నూ లేదు.

ఆగస్టు 10
మేడమ్‌కి చెప్పాను. "లక్షణాలు కలుస్తున్నాయమ్మా. కానీ నువ్వు డాక్టరువి కాదు. తీపి పెట్టి చూసేవు సుమా, ప్రాణం మీదికొస్తుంది! జీన్ టెస్టు ఉంటుంది, ఆసుపత్రికి తీసుకెళ్లు."
సిగ్గేసింది. నిజానికి అదే అనుకున్నాను — ఒక్క చెంచా తేనె పెట్టి, నాన్న షుగర్ మీటరుతో చూద్దామని...

ఆగస్టు 16
భవానీపురంలో అమ్మమ్మ ఇంటికి వెళ్లి, కాగితం మీద గీసి చూపించాను. తీపి ఇక్కడిదాకా వస్తుంది, ఇక్కడ ఆగిపోతుంది, లివరులో పేరుకుంటుంది. చాలాసేపు ఆ కాగితమే చూసింది.
"అయితే అది కావాలని చెయ్యలేదా?"
"కావాలని కాదనుకుంటా అమ్మమ్మా."
లేచి లోపలికి వెళ్లిపోయింది. భోజనానికి పిలిచినా రాలేదు.

ఆగస్టు 22
ఆసుపత్రి. డాక్టరు గారు అంతా విన్నారు, రక్తం తీయించారు. అమ్మమ్మ పిలవకుండానే వచ్చింది. బెంచీ మీద పిన్ని పక్కన కూర్చుంది. సూది గుచ్చుతున్నప్పుడు పిన్ని రెండో చేతిని తన చేతిలోకి తీసుకుంది.

ఆగస్టు 29
రిపోర్టు రాలేదు. ఇంకో వారం పడుతుందట.
సాయంత్రం పిన్ని ఫోన్. "అందులో ఏమీ లేదని వస్తేనో?"
"వేరే కారణం వెతుకుదాం పిన్నీ."
"దాని గురించి కాదే... మా అమ్మ ఇప్పుడు రోజూ ఫోన్ చేస్తోంది. ఏం తిన్నావమ్మా అని అడుగుతోంది. ఏమీ లేదని తెలిస్తే మానేస్తుందేమో."