అమీనా పక్కన రెండో ఆకు

అమలాపురం, ఆదివారం రాత్రి.

ఆఫ్రికా నుంచి స్కాలర్‌షిప్ మీద మా కాలేజీకి వచ్చిన పిల్లల్లో అమీనా మంచిచెడ్డలు చూసే బాధ్యత నాది. ఇవాళ మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. ఆకు వేసి, పనసపొట్టు కూర వడ్డించి, అతిథి తిన్నాకే మనం అనుకుంటూ పక్కన నిలబడ్డాను. పిల్ల ముద్ద ఎత్తదే! పొద్దుటి నుంచీ వండిన నాకు ఒళ్లు మండింది.

"మొహమాటపడకమ్మా, తిను," అన్నాను.

"మా ఇంట్లో తప్పు చేసినవాళ్లకే విడిగా పెడతారండీ. నేనేం చేసేనండీ?" అంది, ఇక్కడే నేర్చుకున్న తెలుగులో.

గబగబా ఇంకో ఆకు వేసుకుని కూర్చున్నాను. ఆయన పోయాక ఈ ఇంట్లో రెండాకులు పడటం ఇదే మొదలు. ఇద్దరం కూర మొత్తం ఊడ్చేశాం.

వెళ్తూ గుమ్మంలో ఆగి, "మరి రేపు మీరెవరితో తింటారండీ?" అని అడిగింది.

హాస్టల్‌కి ఆలస్యమవుతుందని పంపేశాను. అప్పటికింకా ఎండ తగ్గనేలేదు.