బయటికి రాని జెండా

ఫీఫీ నాన్న గారికి నమస్కారాలు.

పెళ్ళయిన నాటి నుంచీ ఒక ప్రశ్న నాలో నలుగుతూనే ఉంది. పండుగ ఊరేగింపుల్లో మీ దండూ మా నాన్న దండూ రాళ్ళు విసురుకుంటుంటే, నేను ఎవరి క్షేమం కోరుకోవాలి? కాలేజీలో పిల్లలకి యుద్ధాల కారణాలు గడగడా చెబుతాను, దీనికి మాత్రం జవాబు లేదు. ఈసారికి ఆ అవసరం రాలేదు లెండి. మేమంతా కులాసా. పండుగ గడిచింది, ఒక్క తలా పగల్లేదు.

ఫీఫీ జెండా ఎలా ఆడాడని లాస్ పాల్మాస్ నుంచి రాశారు. బాగా ఆడాడు. కాళ్ళ సందులోంచి తిప్పి లాగుతుంటే మీ అక్కయ్య ఈలలు వేసింది. కానీ వాడు ఆడింది పాత జెండా.

కిందటేడు మా నాన్న దండువాళ్ళు మీ దండుని జెండా మీద తలలేని పీతలుగా కుట్టి ఊరేగించడం, ఆ గొడవలో మీ తమ్ముడి కన్ను పోవడం మీకు తెలిసిందే. దానికి బదులుగా మీవాళ్ళు కుట్టించిన కొత్త జెండాలో, పడవలోంచి తలకిందులుగా పడుతున్న బొజ్జ ముసలాయన. మా నాన్నే. ఆయన పడవ బోల్తాపడ్డ సంగతి ఊరందరికీ తెలుసుగా. కొత్త జెండాని ముందు రాజుగారి వాకిట్లో అవతలి దండు పెద్దలకి చూపాలన్న కట్టుబాటు పక్కనపెట్టి దాన్ని వీధిలోకి దింపుదామనుకున్నాడు మీ నాయకుడు.

కుదరలేదు. నాన్న వచ్చి, చూపించి తీరాలని పట్టుబట్టి పరిపించాడు. ఆయన వంగి చూసి, "పొట్ట ఇంత పెద్దగా కుట్టారేమిట్రా? గుడ్డ మిగిలిపోయిందా?" అన్నాడు.

"కొలత తీసుకుందామంటే మీరు నీళ్ళల్లో ఉన్నారు కదా బాబాయ్!" అన్నాడు మీ నాయకుడు.

అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు. "సరే, ఇక మడిచేయండి. ఇది వీధిలోకొస్తే మా కుర్రాళ్ళని నేను ఆపలేను" అన్నాడు. మడిచేశారు. ఇంటికెళ్ళి మాత్రం మొక్కజొన్న డొకొను ముద్ద ముట్టకుండా పడుకున్నాడట, అమ్మ చెప్పింది.

ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన మాట ఒకటుంది. నాన్నకి చెప్పింది నేనే. ఫీఫీ పెరట్లో కొత్త జెండాతో సాధన చేస్తూ, "నీకొక్కదానికే చూపిస్తున్నానమ్మా, తాతయ్యకి చెప్పకేం. పండగయ్యాక నేనే బతిమాలుకుంటాలే" అన్నాడు. సరేనన్నాను. మర్నాడే పుట్టింటికి వెళ్ళి, "కొత్త జెండా చూపించమని అడుగు నాన్నా" అన్నాను. బొమ్మ సంగతి చెప్పలేదు.

నిన్న వాడు, "మనలోనే ఎవడో ద్రోహి ఉన్నాడమ్మా" అన్నాడు. చేపలు కడుగుతూ, ఆ ఉప్పు అందుకోమన్నాను. మీ తమ్ముడి రెండో కన్నూ, నా కొడుకు తలా దక్కాయి, నిజమే. అయినా ఆ బొమ్మలో మరెవరో ఉంటే వెళ్ళేదాన్నా? తెలియదు. వాడికి చెప్పాలో వద్దో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

ఇట్లు,
మీ ఇంటిది,
ఆరబా