జిన్నింగు మిల్లులో కచేరీ

సుధాకర్,

ఆ రోజు జిన్నింగు మిల్లు ఆవరణలో, బాణీలన్నీ నీవేనని మైకులో ఎందుకు చెప్పావు? అవి నేను చర్చి ఆర్గన్ మీద కట్టినవని నీకూ, డ్రమ్స్ వాయించిన మోజెస్‌కూ తెలుసు. మన ముగ్గురి రాక్ బృందం ఏడాదైనా నిలవలేదు. ఆ కచేరీ క్యాసెట్ మాత్రం నీ ఒక్కడి పేరుతో గుంటూరంతా తిరిగింది.

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న మీ ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరిగింది. క్యాసెట్ పెట్టమని మీ అమ్మగారు నన్నే అడిగారు. అమ్మకానికి వెళ్లింది కాకుండా, నా దగ్గరున్న కత్తిరించని అసలు టేపు పెట్టాను. నడిమధ్యలో నువ్వు తాళం తప్పి గిటారు ఆపేస్తే, నేనొక్కదాన్నే ఆర్గన్ మీద చాలాసేపు లాక్కొచ్చిన టేపు అది. అందరూ వినాలనే పెట్టాను.

"పోయినోణ్ణి కూడా వదలవా అక్కా?" అన్నాడు మోజెస్ నా చెవిలో.

"ఉన్నప్పుడు దొరికాడా?" అన్నాను.

సరిగ్గా నువ్వు ఆగిపోయిన చోటే మీ అమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. "మావాడి చెయ్యేనమ్మా ఇది. ఎంత బాగా వాయించాడో" అన్నారు.

అది నా చెయ్యి అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆదివారం చర్చిలో ఆవిడ కనిపిస్తారు. అప్పుడైనా చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను.